రవ్వలకొండ యాత్ర: ఆవులు కాస్తూ కాలజ్ఞానం రాసిన బ్రహ్మంగారి జీవితం



పోయిన నెల మన ఛానల్‌లో బాలి ద్వీపంలోని బెసకీ ఆలయాల వీడియో పెట్టినాను కదా. ఆఫీసు వాళ్లతో పోయినప్పుడు, ఒకరోజు వాళ్లందరూ సముద్రం దగ్గరికి పోతే నేనొక్కడినే కొండ దారి పట్టి తీసిన వీడియో అది. దాని కింద చాలామంది ఒకటే అడిగినారు, మన సీమలో కూడా అట్లాంటి కొండ ఏదైనా ఉంటే చూపించమని. ఈ వారం రవ్వలకొండ వీడియో అందుకోసమే. వీడియోలో గుహ చూపించడానికే టైమ్ సరిపోయింది. బ్రహ్మంగారి జీవితం మొత్తం చెప్పలేకపోయినాను. అది ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. అది చివర్లో చెప్తాను, అంతవరకు చదవండి.

అగ్నిపర్వతం ఒడిలో గుడి

బెసకీ వీడియో చూడని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. బాలిలో అన్నిటికంటే ఎత్తైన కొండ పేరు అగుంగ్. మూడు వేల మీటర్లు దాటుతుంది. అది ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం. దాని వాలు మీద, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో, మెట్లు మెట్లుగా కట్టిన గుళ్ల సముదాయమే బెసకీ. బాలి హిందువులు దాన్ని తల్లి గుడిగా చూసుకుంటారు. 1963లో, నూరేళ్లకు ఒకసారి చేసే ఏకాదశ రుద్ర ఉత్సవం జరుగుతున్న రోజుల్లోనే ఆ కొండ పేలింది. లావా గుడికి కొన్ని మీటర్ల పక్కనుంచి పోయింది. గుడి నిలబడింది కానీ, చుట్టుపక్కల ఊళ్లలో వెయ్యి మందికి పైగా చనిపోయినారు. పదహారేళ్ల తర్వాత, 1979లో, ఆ ఉత్సవాన్ని మళ్లీ జరిపినారు. 2017లో కొండ ఇంకోసారి బూడిద కక్కింది.

ఇంత జరిగినా ఆ కొండ కింద మనుషులు వరి నాటుకుంటున్నారు, పొద్దున్నే కొబ్బరాకు బుట్టల్లో పూలు పెట్టి దండం పెట్టుకుంటున్నారు. రేపు ఏమవుతుందో తెలిసిన మనిషి ఈరోజు ఎట్లా బతకాలి? అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు వచ్చిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు మన ఊరి పక్కనే ఉందని ఇంటికొచ్చినాక గుర్తొచ్చింది. మాది బద్వేలు. బస్సెక్కితే గంట ప్రయాణంలో బ్రహ్మంగారి మఠం.

రవ్వలకొండ అంటే

ముందే ఒక మాట. రవ్వలకొండ అగ్నిపర్వతం కాదు. ఎవరైనా అట్లా వీడియో చేస్తే నమ్మొద్దండి. కానీ మన తెలుగులో రవ్వ అంటే వజ్రం, రవ్వ అంటే నిప్పు కణం కూడా. బనగానపల్లె సీమ ఒకప్పుడు వజ్రాల గనులకు పేరుపడ్డది. వజ్రాలు భూమి లోపల చాలా లోతులో పుట్టి, కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాల గొట్టాల గుండా పైకి వచ్చినవి. అట్లాంటి గొట్టాల రాళ్లు అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి మన సీమ నేలకు కూడా ఒకప్పుడు నిప్పు తెలుసు. ఇప్పుడు చల్లారి ఉంది, అంతే.

ఆ కొండకు వజ్రాలకన్నా ఎక్కువ పేరు తెచ్చింది అక్కడ ఆవులు కాసిన ఒక పిల్లవాడు.

పుట్టుక, పెంపకం

పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి 1608లో పుట్టి, 1693లో జీవసమాధి అయినారని సంప్రదాయం. కన్నవాళ్లు పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ. పెంచినవాళ్లు వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ. ఆ పెంచిన ఇల్లు ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం వైపు ఉన్న పాపాఘ్ని మఠం. విశ్వబ్రాహ్మణ కుటుంబం. అంటే చెక్క, ఇనుము, రాయి, బంగారం పనులు తెలిసిన చేతులు. బ్రహ్మంగారిని అర్థం చేసుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆయన చివరిదాకా పని చేసి బతికిన మనిషి.

పెంచిన తండ్రి పోయినాక, చిన్న వయసులోనే దేశం తిరగాలని ఇల్లు వదిలినారు. తల్లి ఏడ్చింది, పోవద్దని బతిమాలింది. ఆ పిల్లవాడు తల్లికి శరీరం ఏమిటో, ఆత్మ ఏమిటో, బంధం ఎందుకు బాధ పెడుతుందో విడమరిచి చెప్పి, ఆమె చేత సరేననిపించుకుని బయలుదేరినాడని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. చెప్పకుండా పారిపోలేదు. నాకు ఈ ఘట్టంలో నచ్చేది అదే.

అచ్చమ్మ గారి ఆవులు

తిరిగి తిరిగి బనగానపల్లె చేరినారు. ఒక రాత్రి ఒక ఇంటి అరుగు మీద పడుకున్నారు. ఆ ఇల్లు గరిమిరెడ్డి అచ్చమ్మది. తెల్లారి ఆమె చూసి ఎవరని అడిగితే, పని కోసం వచ్చినానని చెప్పినారు. ఆవులు కాయమని ఆమె పెట్టుకుంది. అట్లా యోగి అయిన మనిషి కూలికి ఆవుల కాపరి అయినాడు.

రోజూ ఆవుల్ని తోలుకుని రవ్వలకొండకు పోయేవారు. ఆ కాలంలో కొండ చుట్టూ అడవి. పులులు తిరిగే చోటు. ఆయన మొదట చేసే పని, చేతికర్రతో ఆవుల చుట్టూ నేల మీద ఒక గీత గీయడం. ఆవులు ఆ గీత దాటి పోయేవి కావు, అడవి జంతువులు గీత దాటి లోపలికి వచ్చేవి కావు. అది అయినాకే గుహలో కూర్చుని తాటాకుల మీద రాసుకునేవారు. ఆ రాసిందే కాలజ్ఞానం.

కొన్నాళ్లకు ఈ సంగతి అచ్చమ్మకు తెలిసింది. ఆవులు వదిలేసి ఏదో రాసుకుంటున్నాడని ఎవరో చెవిన వేసినారు. కోపంతో ఆమె వెనకాలే కొండకు పోయింది. చూస్తే ఆవులన్నీ గీత లోపల కడుపునిండా మేస్తున్నాయి. గుహలో కాపరి రాస్తున్నాడు. ఆమె అక్కడే సాష్టాంగపడిందంటారు. అప్పటినుంచి యజమానురాలు శిష్యురాలు అయింది. ఆమెకు పుట్టుగుడ్డి కొడుకు ఒకడు ఉండేవాడు, బ్రహ్మానందరెడ్డి. స్వామి దయతో అతనికి చూపు వచ్చిందని భక్తుల నమ్మకం.

రాసిన తాటాకుల్లో చాలా భాగం బనగానపల్లెలోనే గోతిలో పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటించినారని చెప్తారు. ఇప్పుడు అక్కడ చింతమాను మఠం ఉంది. రవ్వలకొండకు పోయినవాళ్లు అదీ చూసి రండి.

అప్పటి బనగానపల్లె నవాబు స్వామిని పరీక్షించిన కథ మీకు తెలిసే ఉంటుంది. గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పెట్టి తెప్పిస్తే, గుడ్డ తీసేసరికి పూలు ఉన్నాయట. నవాబు తల వంచి మఠానికి భూమి ఇచ్చినాడని చెప్తారు.

కందిమల్లాయపల్లె వడ్రంగి

బనగానపల్లెలో అంత పేరు వచ్చినాక ఇంకెవరైనా అక్కడే పీఠం వేసుకుని కూర్చునేవాళ్లు. బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెకు వచ్చి వడ్రంగి పని మొదలుపెట్టినారు. మనం ఈరోజు బ్రహ్మంగారి మఠం అంటున్న ఊరు అదే. పెదకొమెర్ల శివకోటయ్య కూతురు గోవిందమ్మను పెళ్లి చేసుకున్నారు. పిల్లల్ని కన్నారు. సంసారం వదిలితేనే జ్ఞానం అనే మాటకు ఆయన జీవితమే జవాబు. ఆయన మనవరాలు ఈశ్వరమ్మ తర్వాత తనంతట తానే పెద్ద యోగిని అయింది. ఆమె మఠం కూడా ఆ ఊళ్లోనే ఉంది.

అక్కడ పోలేరమ్మ కథ ఒకటి. జాతరకు చందా అడగడానికి ఊరి పెద్దలు వడ్రంగి ఇంటికి వచ్చినారు. ఆయన చుట్ట చేతిలో పట్టుకుని నిప్పుందా అని అడిగినారు. వాళ్లు లేదన్నారు. అప్పుడాయన గుడి వైపు తిరిగి పోలేరమ్మనే నిప్పు తెమ్మన్నారు. అమ్మవారు నిప్పు తెచ్చిందట, చుట్ట ముట్టించుకుని ఇక పొమ్మంటే పోయిందట. ఊళ్లో జాతర అంటే భయం, అమ్మవారంటే భయం ఉన్న రోజుల్లో, దేవతను ఇంటి ఆడపడుచును పిలిచినట్టు పిలిచిన మనిషి ఆయన.

సిద్ధయ్య, కక్కయ్య

ముడుమాల గ్రామంలో దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు సిద్ధయ్య. తండ్రి పీరుసాహెబు. కొడుకు ఇల్లు వదిలి బ్రహ్మంగారి దగ్గర చేరినాడని తండ్రికి బాధ, చుట్టుపక్కల వాళ్లకు కోపం. ఫిర్యాదు కడప నవాబు దాకా పోయింది. నవాబు ముందు సిద్ధయ్య ఒక బండకు సలాం చేస్తే ఆ బండ పగిలిపోయిందని కథ. శిష్యులు ఎంతమంది ఉన్నా స్వామికి ప్రాణం సిద్ధయ్యే. 1984లో వచ్చిన ఎన్టీఆర్ సినిమాలో బాలకృష్ణ సిద్ధయ్యగా వేసినారు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు సిద్ధయ్య అంటే ఇప్పటికీ ఆ ముఖమే.

కక్కయ్య కథ మాత్రం సినిమా చూసినవాళ్లు కూడా ఒక అద్భుతంలాగా చూసి వదిలేస్తారు. నేనూ అట్లాగే వదిలేసినాను. ఇప్పుడు మళ్లీ చదివితే భయమేసింది.

ఒకరోజు స్వామి సిద్ధయ్యకు శరీరం గురించి చెప్తున్నారు. ఒంట్లో చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారు, శరీరమే గుడి అని. మాదిగ కులంలో పుట్టిన కక్కయ్య ఆ మాటలు పక్కనుంచి విన్నాడు. సగమే విన్నాడు. నేరుగా ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్య శరీరాన్ని కోసి దేవతల కోసం వెతికినాడు. రక్తం, పేగులు తప్ప ఏమీ కనపడలేదు. ఏడుస్తూ, తిడుతూ స్వామి దగ్గరికి పరుగెత్తుకొచ్చినాడు. అబద్ధం చెప్పి నా కొంప ముంచినావని నిలదీసినాడు.

స్వామి అతన్ని తరిమేయలేదు. సగం విని పోవడం నీ తప్పని చెప్పి చేతులు కడుక్కోలేదు. లేచి కక్కయ్య వెంట అతని ఇంటికి నడిచి, ఆమెను బతికించినారు. తర్వాత కక్కయ్యను శిష్యుడిగా చేర్చుకుని, చెప్పాల్సింది మొత్తం చెప్పినారు. కుల పట్టింపు అంత గట్టిగా ఉన్న కాలంలో దూదేకుల పిల్లవాడిని, మాదిగ మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం ఒక ఎత్తు. తన మాట వల్ల జరిగిన నష్టం తనది అనుకోవడం ఇంకో ఎత్తు.

వైశాఖ శుద్ధ దశమి

జీవసమాధి అయ్యే రోజు ముందే చెప్పినారు. గోవిందమ్మకు, తనకు చావు లేదు కాబట్టి పసుపు కుంకుమలు తీయొద్దని చెప్పినారు. సిద్ధయ్య దగ్గరుంటే తట్టుకోలేడని, పూలు తెమ్మని బనగానపల్లెకు పంపినారు. సిద్ధయ్య పూలు తీసుకుని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి మీద పడి తల బాదుకున్నాడు. అప్పుడు స్వామి బయటికి వచ్చి, శిష్యుణ్ణి ఓదార్చి, తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చి మళ్లీ లోపలికి పోయినారని నమ్మకం.

ఏటా వైశాఖ శుద్ధ దశమికి మఠంలో ఆరాధన జరుగుతుంది. మా బద్వేలు నుంచి ఎద్దుల బండ్లలో పోయిన రోజులు మా జేజికి గుర్తు. ఇప్పుడు ఆ దారిలో తెలుగుగంగ నీళ్లతో బ్రహ్మంసాగర్ నిండి కనపడుతుంది.

నా తప్పు

ఇప్పుడు ఆ సంగతి.

2020లో లాక్‌డౌన్ అప్పుడు నేను ఇంటి నుంచి పని చేస్తూ బద్వేలులో ఉన్నాను. రాత్రుళ్లు ఈ ఛానల్ మొదలుపెట్టినాను. రెండు మూడు వీడియోలు ఎవరూ చూడలేదు. అప్పుడు కరోనా గురించి బ్రహ్మంగారు ముందే చెప్పినారని వాట్సాప్‌లో ఒక పద్యం తిరుగుతుండె. దాన్ని తీసుకుని, ఎర్ర అక్షరాలతో ఫోటో పెట్టి, ఇంకా రాబోయే ప్రళయాల జాబితా చేర్చి ఒక వీడియో చేసినాను. నా గొంతే. ఆ వీడియోను చూసినంత మంది అప్పటిదాకా నా ఛానల్‌లో దేన్నీ చూడలేదు. రోజూ పొద్దున్నే లేచి లెక్క చూసుకునేవాణ్ణి.

ఆ వీడియోను అందరికన్నా ఎక్కువసార్లు విన్నది మా జేజి. ఆమెకు రెండు కండ్లల్లో శుక్లాలు. ఆపరేషన్ చేయించాలని అప్పటికే అనుకున్నాం, లాక్‌డౌన్ వల్ల ఆగింది. ఆసుపత్రులు తెరిచినాక మా నాయన తీసుకుపోతానంటే ఆమె రానన్నది. లోకమే పోయేటప్పుడు ఈ ముసలి కండ్లకు ఖర్చెందుకన్నది. బ్రహ్మంగారు చెప్పినారు, నా మనవడే చదివి చెప్పినాడు అన్నది. నేను అప్పటికి బెంగళూరు పోయినాను. ఫోన్‌లో నవ్వి వదిలేసినాను. పెద్దవాళ్లు అట్లాగే అంటారులే అనుకున్నాను.

రెండేళ్లు గడిచినాయి. ఆమె గడపకు తగిలి పడినాక బలవంతంగా తీసుకుపోయినాం. ఒక కంటికి ఆపరేషన్ చేసినారు, చూపు వచ్చింది. రెండో కంట్లో శుక్లం బాగా ముదిరి, కంటిలో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిన్నదని, ఇక లాభం లేదని చెప్పినారు.

ఆ రోజు ఇంటికొచ్చి మా జేజినాయన పసుపు గుడ్డలో కట్టి దాచిన పాత కాలజ్ఞానం పుస్తకం తీసినాను. నేను వీడియోలో చదివిన పద్యం కోసం మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికినాను. అందులో అది లేదు. నేను ఒక్క రోజు ముందు ఆ పుస్తకం తెరిచి ఉండొచ్చు. ఆఫీసులో ఒక చిన్న కోడ్ మార్పు చేస్తే ఇద్దరు చూసి, టెస్ట్ చేసి గానీ బయటికి పంపము. స్వామి పేరు మీద చెప్పే మాటకు ఆ మాత్రం కూడా చేయలేదు. వీడియో తీసేసినాను. కానీ తీసేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. అది చూసి భయపడిన ప్రతి ఒక్కరినీ క్షమించమని అడుగుతున్నాను.

కొండ మీద జేజి

ఈసారి రవ్వలకొండకు జేజిని కూడా తీసుకుపోయినాం. మైదుకూరు, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల మీదుగా బనగానపల్లె, అక్కడినుంచి యాగంటికి పోయే దారిలో కొండ. గుహలోకి వంగి పోవాలి, ఆమెకు కుదరదు. బయట నీడలో కూర్చోబెట్టి నేను లోపలికి పోయినాను. ఇరుకు దారి, రాయి తల మీదికి వస్తుంటుంది. స్వామి కూర్చున్నారని చెప్పే చోట దీపం ఉంది. అక్కడ కూర్చుంటే బయటి శబ్దం ఒక్కటీ వినపడదు.

వీడియో తీసుకుని బయటికి వచ్చినాను. జేజి మొదట అడిగింది గుహ గురించి కాదు. ఆవులు మేసిన చోటు వీడియో తీసినావా అని. తీయలేదన్నాను. గుహ కదా ముఖ్యం అన్నాను. ఆమె కొంచెం సేపు కిందికి చూసి, ఆయన ముందు ఆవులకు గీత గీసినాకే కదా రాసుకున్నది అన్నది. నా తప్పును ఎత్తిపొడవాలని అనలేదు. ఆమెకు ఆ కథలో ఎప్పుడూ ఇష్టమైంది ఆ ఆవులే. నేను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయినాను.

రాబోయే వందల ఏళ్ల సంగతి రాస్తున్న మనిషి, ఆ రోజు తనను నమ్మి అప్పగించిన ఆవుల్ని మర్చిపోలేదు. బ్రహ్మంగారి జీవితంలో నాకు అర్థమైంది ఇంతే. ఆవులు కాసినారు, చెక్క చెక్కినారు, సంసారం చేసినారు, దారి తప్పి వచ్చినవాడి వెంట వాడి ఇంటికి నడిచినారు. కాలజ్ఞానం వీటి మధ్యలో రాసినారు. అగుంగ్ కొండ కింద వరి నాటుకునే వాళ్లను చూసినప్పుడు నాకు వచ్చిన ప్రశ్నకు ఇదే జవాబు అనుకుంటున్నాను. రేపటి గురించి తెలిసినా తెలియకపోయినా, ఈరోజు మన గీత లోపల ఎవరున్నారో చూసుకోవాలి. నా గీత లోపల మా జేజి ఉండె. నేను చూసుకోలేదు.

తర్వాత కిందికి దిగి, ఆవులు మేసినాయని చెప్పే వాలును కూడా తీసినాను. వీడియో చివర్లో నిమిషం పాటు వచ్చే ఆ గడ్డి నేల అదే. వెనక వినపడేది మా జేజి గొంతు.

పోయేవాళ్ల కోసం

బనగానపల్లెలో చింతమాను మఠం, రవ్వలకొండ, ఆ దారిలోనే ముందుకు పోతే యాగంటి ఉమామహేశ్వరుడు, మూడూ ఒకే రోజులో చూడొచ్చు. ఎండ ముదరకముందే గుహకు పోండి, నీళ్లు పట్టుకుపోండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు గుహ లోపలికి పోలేకపోతే బాధపడకండి. బయట నుంచి దండం పెట్టుకున్నా స్వామికి చేరుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు వీడియోలు చూసి ఏదైనా భయపడుతుంటే, ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి. కంటి చూపు, బీపీ, షుగర్ పరీక్షలు వాయిదా వేసుకుంటున్నారేమో కనుక్కోండి. ఈ పోస్ట్ నుంచి మీరు తీసుకుపోవాల్సింది అదొక్కటే.

వచ్చే వారం ముడుమాల సిద్ధయ్య మఠం వీడియోతో కలుద్దాం.

శ్రీ వీరబ్రహ్మేంద్ర స్వామినే నమః.